జుట్టు రాలితే సరిపెట్టుకోవాలా, సమాధానపడాలా?

2025 ఏప్రిల్‌లో హైదరాబాద్ ఉప్పల్ ప్రాంతంలో వందలమంది మగవాళ్లు వరుస కట్టి నిలబడిన దృశ్యాలు టీవీల్లో వచ్చాయి. ముందు గుండు గీస్తారు, ఆ మీద ఏదో మందు పూస్తారు, కొన్నాళ్లకు జుట్టు మొలుస్తుంది అన్న ప్రచారం నమ్మి వచ్చినవాళ్లు వాళ్లు. మరుసటి నెలలో కాన్పూరు నుంచి ఇంకో వార్త: జుట్టు మార్పిడి చేయించుకున్న ఇద్దరు ఇంజినీర్లు ఆ తర్వాత చనిపోయారని. రెండు వార్తలకూ ఒకే రకం స్పందన విన్నాను. "జుట్టు కోసం ఇంత పిచ్చా?"

పిచ్చి అనేస్తే అక్కడితో ఆలోచన ఆగిపోతుంది. ఎండలో గంటలకొద్దీ నిలబడేంత బాధ ఒక మనిషికి ఎందుకు కలిగిందో తెలియకుండానే పోతుంది. జుట్టు ఊడుతున్నవాళ్లకు మన ఇళ్లలో దొరికే సలహాలు రెండే. ఒకటి, "ఏదో ఒకటి చెయ్, ఇలా వదిలేస్తే ఎలా?" రెండోది, "పోతే పోయిందిలే, జుట్టేగా." రెండూ ప్రేమతో అన్న మాటలే. కానీ మొదటిది మనిషిని కంగారు పెడుతుంది, రెండోది ఆ మనిషి బాధనే కొట్టిపారేస్తుంది. ఈ రెంటికీ మధ్య ఏముందో చూడాలంటే ముందు తలమీద ఏం జరుగుతోందో తెలియాలి, తర్వాత మనసులో ఏం జరుగుతోందో తెలియాలి.

రోజుకు ఎన్ని రాలితే రాలినట్టు?

మన తలమీద సుమారు లక్ష వెంట్రుకలుంటాయి. ఒక్కో వెంట్రుక చర్మం లోపల ఒక్కో కుదురు నుంచి పుడుతుంది. ప్రతి కుదురుకూ సొంత లెక్క ఉంది. రెండు నుంచి ఆరేళ్ల పాటు వెంట్రుకను పెంచుతుంది, నెలకు దాదాపు ఒక సెంటీమీటరు చొప్పున. తర్వాత రెండు మూడు వారాల్లో పెంచడం ఆపేస్తుంది. ఆపైన మూడు నెలల విశ్రాంతి. విశ్రాంతి అయ్యాక పాత వెంట్రుక రాలిపోతుంది, అదే కుదురు కొత్త వెంట్రుకను మొలిపిస్తుంది. పంట కోశాక కొన్నాళ్లు ఖాళీగా ఉంచి మళ్లీ నాటే మడిలాంటిదే ఇదీ. లక్ష మడులు, ఒక్కొక్కటి ఒక్కో దశలో.

అందుకే రోజుకు 50 నుంచి 100 వెంట్రుకలు రాలడం మామూలే. వారానికి రెండుసార్లు తలంటు పోసుకుని, మిగతా రోజుల్లో గట్టిగా జడ వేసుకునే ఒక అమ్మాయిని తీసుకుందాం. రోజుకు 70 రాలుతున్నా చాలావరకు జడలోనే చిక్కుకుని ఉండిపోతాయి. మూడున్నర రోజులకు అవి దాదాపు 245. తలంటుకున్న రోజున అన్నీ ఒక్కసారే బాత్రూం జాలీ దగ్గర ఉండకట్టి కనిపిస్తాయి. చూడగానే గుండె జారిపోతుంది. లెక్క వేసుకుంటే మాత్రం అది మామూలు రాలుడే.

రాలడం వేరు, పలచబడటం వేరు. రాలడంలో కుదురు ఆరోగ్యంగానే ఉంటుంది, వెంట్రుక మాత్రం ముందుగా విశ్రాంతిలోకి వెళ్లి ఊడుతుంది. పలచబడటంలో కుదురే చిన్నదైపోతూ వస్తుంది. ప్రతి కొత్త వెంట్రుకా మునుపటికన్నా సన్నగా, పొట్టిగా మొలుస్తుంది. దిండు మీద పెద్దగా వెంట్రుకలు కనిపించకుండానే పాపిట వెడల్పవుతుంది, నడినెత్తి బయటపడుతుంది. మొదటిది జనాన్ని ఎక్కువ భయపెడుతుంది, రెండోదాన్ని ఆలస్యంగా గుర్తిస్తారు.

ఆగస్టులో డెంగీ వచ్చి తగ్గిన మనిషికి నవంబరులో జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడుతుంది. అప్పటికి జ్వరం సంగతి మర్చిపోయి ఉంటాడు. కొత్తగా మార్చిన షాంపూ మీదో, భార్య పెట్టిన నూనె మీదో అనుమానపడతాడు. నిజానికి జ్వరం దెబ్బకు చాలా కుదుళ్లు ఒకేసారి విశ్రాంతిలోకి వెళ్లాయి, ఆ మూడు నెలల గడువు ఇప్పుడు తీరింది, అంతే. టైఫాయిడ్, కోవిడ్, పెద్ద ఆపరేషన్, కాన్పు, తిండి బాగా తగ్గించి వేగంగా బరువు తగ్గడం, వీటన్నిటి తర్వాతా ఇలాగే అవుతుంది. ఎక్కువమందిలో ఆరు నెలలకు అటూ ఇటూగా తనంతట తానే సర్దుకుంటుంది. ఈ ఆరు నెలల్లో ఏ నూనె రాసినా, ఏ గోళీ మింగినా ఆ ఘనత దానికే దక్కుతుంది. అద్భుతమైన నూనెల కథలు చాలావరకు ఇక్కడే పుడతాయని నా నమ్మకం.

"హైదరాబాద్ నీళ్లు పడలేదు"

ఊరి నుంచి హైదరాబాద్‌కో బెంగళూరుకో ఉద్యోగానికి వెళ్లిన కుర్రాడు రెండేళ్లకు ఇంటికొస్తే వాళ్లమ్మ అనే మొదటి మాట ఇది. బోరు నీళ్లలో ఉప్పులు ఎక్కువ కాబట్టి జుట్టు బిరుసెక్కడం, చిక్కులు పడటం, కొసలు తెగడం నిజమే. కానీ నీళ్లు చర్మం లోపలున్న కుదురును చంపవు. మరి అందరికీ హైదరాబాద్ వెళ్లాకే ఎందుకు ఊడుతుంది? ఉద్యోగాలకు వెళ్లే వయసు ఇరవై దాటాక. మగవాళ్లలో వంశపారంపర్యంగా వచ్చే బట్టతల చాలామందికి మొదలయ్యేదీ ఆ వయసులోనే. దానికి హాస్టల్ తిండి, నిద్రలేమి, ఒకట్రెండు జ్వరాలు తోడవుతాయి. నేరం నీళ్ల మీద పడుతుంది. హెల్మెట్ మీద వేసే నిందా ఇలాంటిదే.

వంశపారంపర్యం అనగానే "మేనమామ పోలిక" అంటారు. ఇందులో కొంత నిజముంది. పురుష హార్మోనుకు స్పందించే గ్రాహకాన్ని తయారుచేసే జన్యువు ఎక్స్ క్రోమోజోము మీద ఉంటుంది, మగపిల్లవాడికి ఎక్స్ వచ్చేది తల్లి నుంచే. తల్లికి రెండు ఎక్స్‌లు. మేనమామకు అమ్మమ్మ నుంచి వచ్చినదే మేనల్లుడికీ రావచ్చు, రాకపోనూవచ్చు. పైగా బట్టతలలో పాత్ర ఉన్న జన్యువులు ఇంకా చాలా ఉన్నాయి, అవి తండ్రి వైపు నుంచీ వస్తాయి. కాబట్టి మేనమామను చూసి భయపడనూ అక్కర్లేదు, ధైర్యపడనూ కుదరదు.

ఇక్కడే ఇంకో అపోహ. బట్టతల ఉన్నవాళ్లలో మగ హార్మోను ఎక్కువని కొందరంటారు. చాలావరకు హార్మోను అందరిలాగే ఉంటుంది. టెస్టోస్టిరాన్ అనే ఆ మగ హార్మోను నుంచి డీహెచ్‌టీ అనే పదార్థం తయారవుతుంది, నుదుటి పైన, నడినెత్తిన ఉన్న కుదుళ్లు దానికి ఎక్కువగా స్పందించి కుంచించుకుపోతాయి. తల వెనకా పక్కలా ఉన్న కుదుళ్లు స్పందించవు. అందుకే బట్టతల ఉన్నవాళ్లకు కూడా చెవుల పైన, మెడ మీద జుట్టు మిగులుతుంది. యాభై ఏళ్లొచ్చేసరికి సుమారు సగం మంది మగవాళ్లలో ఎంతో కొంత ఇది కనిపిస్తుంది. ఆడవాళ్లలోనూ వస్తుంది. కాకపోతే ముందు వెంట్రుకల గీత అలాగే ఉండి, పాపిట వెంట పలచబడుతుంది.

పేనుకొరుకుడులో పేను లేదు

తలలోనో గడ్డంలోనో రూపాయి బిళ్లంత మేర ఉన్నట్టుండి నున్నగా అయిపోతే మనం పేనుకొరుకుడు అంటాం. పేను కొరికి జుట్టు తినేసిందని పేరులోనే నింద ఉంది. నిజంగా జరిగేది వేరు. శరీరాన్ని కాపాడే రోగనిరోధక వ్యవస్థ పొరపాటున సొంత కుదుళ్ల మీదే దాడి చేస్తుంది. ఇది అంటుకోదు. శుభ్రతతో సంబంధం లేదు. నూటికి ఇద్దరికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. చిన్న మచ్చలైతే చాలామందిలో ఏడాదిలోపు మళ్లీ మొలుస్తుంది, కొందరిలో మళ్లీ మళ్లీ వస్తుంది. కొద్దిమందిలో తలంతా, కనుబొమలు, కనురెప్పల వెంట్రుకలతో సహా పోతాయి. పేరు వల్ల జరిగే హాని ఏమిటంటే, బడిలో ఆ పిల్లవాడి పక్కన కూర్చోవద్దని మిగతా పిల్లలకు ఇంట్లో చెబుతారు. వెల్లుల్లి రుద్ది చర్మం కాల్చుకున్న వాళ్లూ ఉన్నారు.

త్వరగా డాక్టరుకు చూపించాల్సినవి వేరే ఉన్నాయి. పొలుసులు, దురద, చీముతో పిల్లల తలలో వచ్చేది తామర కావచ్చు, అది అంటుకుంటుంది, మందులతో పోతుంది. జుట్టు పోయిన చోట మంట, నొప్పి, చర్మం నున్నగా మెరుస్తూ కుదుళ్ల రంధ్రాలే కనిపించకపోతే కుదుళ్లు మచ్చకట్టి శాశ్వతంగా పోతున్నాయన్నమాట. అక్కడ ప్రతి నెలా విలువైనదే. రక్తహీనత, థైరాయిడ్, పీసీఓఎస్ (అండాశయాలకు సంబంధించిన హార్మోన్ల సమస్య) ఉన్న ఆడవాళ్లకు జుట్టు పలచబడటం ఆ జబ్బు చెబుతున్న కబురు. "పోతే పోయిందిలే" అన్న సలహా వీళ్ల విషయంలో తప్పు.

ఇంటి వైద్యాల గురించి క్లుప్తంగా. కొబ్బరినూనె వెంట్రుకలోని ప్రొటీన్ పోకుండా కొంత కాపాడుతుంది, తెగడం తగ్గిస్తుంది. కుంచించుకుపోయిన కుదురును అది తిరిగి పెంచదు. గుండు కొట్టిస్తే జుట్టు ఒత్తుగా వస్తుందన్నది కూడా కంటి భ్రమే. కత్తిరించిన కొస మొద్దుగా ఉండటంతో అలా కనిపిస్తుంది. బయోటిన్ గోళీలు ఆ విటమిన్ లోపం ఉన్నవాళ్లకే పనిచేస్తాయి. పైగా అవి వాడుతూ థైరాయిడ్ పరీక్ష చేయించుకుంటే ఫలితం తప్పుగా రావచ్చు.

ఒకే గుండు, నాలుగు అర్థాలు

జుట్టు లేని తల అంటే సిగ్గు అని ఎవరైనా అంటే తెలుగునాట దాన్ని పూర్తిగా ఒప్పుకోలేం. జుట్టును ఇష్టంగా ఇచ్చి రావడం మనకు పుణ్యం. తిరుమల కల్యాణకట్టలో ఏ రోజైనా వేలమంది తలనీలాలు సమర్పిస్తారు, ఆడవాళ్లూ, మగవాళ్లూ, పుట్టువెంట్రుకలు తీయించే పసిపిల్లలూ. తలంతా ఇవ్వలేని ఆడవాళ్లు మూడు కత్తెరలు ఇస్తారు. ఆ జుట్టును దేవస్థానం వేలం వేస్తుంది. విగ్గులూ సవరాలూ తయారుచేసేవాళ్లు కొంటారు.

ఆ మొక్కు వెనక చెప్పుకునే కథ ఇంకా ఆశ్చర్యం. పుట్టలో ఉన్న శ్రీనివాసుడి తలకు పశువుల కాపరి విసిరిన గొడ్డలి తగిలి, ఆ చోట జుట్టు పోయిందట. గంధర్వ రాకుమారి నీలాదేవి అది చూసి, తన జుట్టు కొంత తీసి ఆ చోట అతికించిందట. భక్తులు ఇచ్చే జుట్టు నీలాదేవికి చెందుతుందని స్వామి వరమిచ్చాడంటారు. ఏడుకొండల్లో నీలాద్రి ఆమె పేరే. అంటే మనం కోట్ల సంఖ్యలో వెళ్లి మొక్కే దేవుడి తలమీద కూడా జుట్టు లేని చోటు ఒకటి ఉంది. చిన్నప్పటి నుంచి ఈ కథ విన్నాను, కానీ ఇలా ఆలోచించడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

అదే గుండుకు ఇంకో చరిత్ర ఉంది. కందుకూరి వీరేశలింగం 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించే కాలానికి, కొన్ని కులాల్లో భర్త పోయిన ఆడపిల్లకు, చిన్నపిల్ల అయినా సరే, గుండు చేయించేవారు. "బోడి" అన్న మాటకు అవమానం అంటుకుపోవడంలో ఆ ఆచారం చేయి ఉంది. ఇవాళ్టికీ "నీ బోడి సలహా" అంటే విలువలేనిదని అర్థం. శిరోముండనం శిక్షగానూ ఉంది. 1996 డిసెంబరులో తూర్పుగోదావరి జిల్లా వెంకటాయపాలెంలో దళిత యువకులకు బలవంతంగా గుండు గీసిన కేసులో విశాఖపట్నం కోర్టు 2024 ఏప్రిల్‌లో శిక్షలు వేసింది. తీర్పుకు 27 ఏళ్లు పట్టింది.

నాలుగో అర్థం మా ఇంట్లోకే వచ్చింది. మా పెద్దమ్మకు రొమ్ము కాన్సరు. మొదటి కీమో అయిన మూడో వారంలో, ఎక్కువమందికి అయినట్టే, దువ్వెన పెడితే జుట్టు కుచ్చులుగా చేతికొచ్చింది. ఇక చూడలేక మొత్తం తీయించేసుకుంది. మర్నాడు గుమ్మంలో ముగ్గు వేస్తుంటే ఎదురింటావిడ పలకరించింది, "ఏమండీ, తిరుపతి వెళ్లొచ్చారా?" పెద్దమ్మ ఒక్క క్షణం ఆగి, "అవునమ్మా" అంది. లోపలికొచ్చి చాలాసేపు ఏడ్చింది. జబ్బు గురించి అంత ఏడవలేదు.

ఆ రోజు నుంచి నాకు అర్థమైంది ఇది. తల అదే, గుండు అదే. దానికి అర్థం ఇచ్చేవి రెండు: అది ఎవరి నిర్ణయం, చూసేవాళ్లు దాన్ని ఏమనుకుంటారు. జుట్టు ఊడినప్పుడు మనిషికి ముందు పోయేది నిర్ణయం. మన శరీరం మనల్ని అడక్కుండా ఒక పని చేసేసింది, ఆ సంగతి మనం చెప్పకముందే అందరికీ తెలిసిపోతోంది. "జుట్టేగా" అనేవాళ్లకు కనబడనిది ఇదే.

చూపులు ఎంత నిజం, ఎంత ఊహ?

2000లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన థామస్ గిలోవిచ్ బృందం ఒక ప్రయోగం ప్రచురించింది. విద్యార్థులకు సిగ్గనిపించే బొమ్మ ఉన్న టీషర్టు వేయించి, తోటివాళ్లున్న గదిలోకి పంపారు. దాదాపు సగం మంది ఆ బొమ్మను గమనించి ఉంటారని వాళ్లు అంచనా వేశారు. నిజంగా గమనించింది సుమారు పావు వంతే. మన లోపం మనకు కనిపించినంత పెద్దగా ఇతరులకు కనిపించదని దీని సారాంశం. పాపిట కాస్త వెడల్పయిన అమ్మాయికి, నుదురు కాస్త పెరిగిన కుర్రాడికి ఈ లెక్క బాగా వర్తిస్తుంది.

కానీ దీన్ని అందరికీ అంటగట్టకూడదు. కనుబొమలతో సహా జుట్టంతా పోయిన మనిషిని బస్సులో జనం నిజంగానే తేరిపార చూస్తారు. "అదంతా నీ ఊహ" అంటే ఆమె కళ్లారా చూసినదాన్ని కాదన్నట్టే. 2022 మార్చిలో ఆస్కార్ వేదిక మీద ఒక హాస్యనటుడు జేడా పింకెట్ స్మిత్ గుండు మీద జోకు వేయడం, ఆమె భర్త వెళ్లి అతన్ని కొట్టడం ప్రపంచమంతా చూసింది. ఆమెకున్నది అలొపీషియా, అంటే జుట్టు ఊడిపోయే జబ్బు. కొట్టడం తప్పే. అయితే ఆ జోకు పేలిన క్షణంలో ఆమె ముఖం చూసినవాళ్లకు ఈ జబ్బు గురించి ఎంతో తెలిసి ఉంటుంది.

ఆడవాళ్లకూ మగవాళ్లకూ ఈ భారం సమానం కాదు. బారెడు జడ అందమని, పూలజడ శుభమని పెరిగిన అమ్మాయికి పలచబడిన జుట్టు ఆడతనం మీదే మాటలా తగులుతుంది. మగవాడికి బట్టతల "మామూలే" కాబట్టి, బాధపడుతున్నాననే చెప్పుకోలేడు. స్నేహితుల్లో "అంకుల్" అని పిలిపించుకుంటూ వాళ్లతో పాటు తనూ నవ్వాలి. ముప్పైలోపు, పెళ్లికి ముందు ఊడినవాళ్లకు బాధ ఎక్కువ. నలభై దాటినవాళ్లలో చాలామంది పెద్దగా పట్టించుకోరు.

ఇంకో సంగతి. 2012లో ఆల్బర్ట్ మానెస్ అనే పరిశోధకుడు మగవాళ్ల ఫొటోలు చూపించి జనం అభిప్రాయాలు అడిగాడు. పూర్తిగా గుండు ఉన్నవాళ్లు బలంగా, నాయకుల్లా కనిపిస్తారని ఎక్కువమంది చెప్పారు, వయసు కాస్త ఎక్కువగా, అందం కాస్త తక్కువగా కనిపిస్తారని కూడా చెప్పారు. ఈ విషయంలో వెనకబడింది సగం ఊడి, సగం మిగిలిన జుట్టువాళ్లు. ఇందులో జుట్టు పరిమాణం కన్నా నిర్ణయం పాత్ర నాకు ఎక్కువ కనిపిస్తోంది. గుండు చూస్తే "ఇతను ఇలా ఉండాలనుకున్నాడు" అనిపిస్తుంది. మనకు దగ్గరి ఉదాహరణ రజినీకాంత్. తెరమీద విగ్గు పెడతారు, బయట సభలకు బట్టతలతో, తెల్లగడ్డంతో వస్తారు. విగ్గు ఆయన వృత్తిలో ఒక పరికరం, బయటి మనిషి వేరు. అది చూసి ఆయన అభిమానులెవరూ దూరం కాలేదు.

సర్దుకుపోవడం, సరిపెట్టుకోవడం, సమాధానపడటం

మన భాషలో ఈ మూడు మాటలూ దగ్గరగా ఉంటాయి, కానీ ఒకటి కాదు. జుట్టు విషయంలో తేడా ఇలా ఉంటుంది.

ఒకతను ఏడాదంతా టోపీ తీయడు. ఈతకు వెళ్లడు, ఫొటోల్లో వెనక నిలబడతాడు, పంకా కింద కూర్చోడు. ఎవరూ ఏమీ అడగరు, అతనూ చెప్పడు. ఇది సర్దుకుపోవడం. పైకి గొడవ లేదు, కానీ బతుకులో ఒక్కో గదికీ తాళం పడుతోంది. రోజూ 40 నిమిషాలు అద్దం ముందు ఆ నాలుగు వెంట్రుకలను అటు దువ్వి ఇటు దువ్వి కప్పడానికి పడుతుందనుకుందాం. ఏడాదికి 243 గంటలు. పది పగళ్లు, పది రాత్రుల కంటే కాస్త ఎక్కువ. టెన్నిస్ ఆటగాడు ఆండ్రే అగస్సీ 1990 ఫ్రెంచ్ ఓపెన్ ఫైనల్ ముందు రాత్రి తన విగ్గు పాడైపోతే, మర్నాడు కోర్టులో గెలవాలని కాక విగ్గు ఊడకూడదని ప్రార్థించానని తర్వాత ఆత్మకథలో చెప్పుకున్నాడు. ఆ ఫైనల్ ఓడిపోయాడు కూడా. తర్వాత గుండుతోనే ఆడి గ్రాండ్‌స్లాములు గెలిచాడు.

రెండోది సరిపెట్టుకోవడం. "నా రాత ఇంతే, నాకెవరు పిల్లనిస్తారు, ఇక డాక్టరెందుకు" అనుకోవడం. ఇది ఒప్పుకోలులా కనిపిస్తుంది కానీ లోపల ఓటమి ఉంటుంది. జుట్టు పోయిందన్న నిజంతో పాటు "నా విలువ పోయింది" అన్న అబద్ధాన్ని కూడా కలిపి మింగేయడం.

సమాధానపడటం ఈ రెంటినీ విడదీస్తుంది. జుట్టు పోయింది, నాకు నచ్చలేదు, బాధగా ఉంది. ఇవన్నీ నిజమే. అయినా పెళ్లికి వెళతాను, ఫొటోలో ముందు నిలబడతాను, ఇంటర్వ్యూకు వెళతాను. బాధ పూర్తిగా తీరాక బతుకు మొదలుపెడదామని ఆగకపోవడం ఇందులో ముఖ్యం. ఇది ఒక్కరోజులో రాదు, వచ్చాక స్థిరంగానూ ఉండదు. పాత ఫొటో చూసిన రోజు మళ్లీ కలుక్కుమంటుంది. అలా అనిపించినంత మాత్రాన వెనక్కి పోయినట్టు కాదు. ఏ పోగొట్టుకున్నదాని విషయంలోనైనా మనసు ఇలాగే నడుస్తుంది. అయితే నెలల తరబడి బయటికి రాకపోవడం, నిద్ర, ఆకలి పోవడం, చావు ఆలోచనలు రావడం ఉంటే అది వేరే జబ్బు, దానికి మానసిక వైద్యుల సాయం కావాలి.

మందులుండగా ఒప్పుకోవడం ఎందుకు?

ఇది న్యాయమైన ప్రశ్న. చికిత్స కోరేవాళ్ల వాదన ఇది: కళ్లు కనిపించకపోతే కళ్లద్దాలు పెట్టుకుంటాం, పన్ను పోతే పన్ను కట్టించుకుంటాం, జుట్టు దగ్గర మాత్రం వైరాగ్యం ఎందుకు? ఇందులో బలముంది. మినాక్సిడిల్ రక్తపోటు మందుగా వచ్చింది, వాడినవాళ్లకు ఒంటిమీద వెంట్రుకలు పెరగడం చూసి తలకు పూసే మందుగా మార్చారు. అమెరికాలో 1988లో అనుమతి వచ్చింది. ఫినాస్టిరైడ్ డీహెచ్‌టీని తగ్గిస్తుంది, మగవాళ్ల బట్టతలకు 1997లో అనుమతి పొందింది. తీవ్రమైన పేనుకొరుకుడుకు 2022లో బారిసిటినిబ్, 2023లో రిట్లెసిటినిబ్ వచ్చాయి. తలంతా పోయినవాళ్లలో కొందరికి కూడా వీటితో జుట్టు తిరిగొస్తోంది.

రెండో వైపు వాదన: ఇవేవీ మూలాన్ని తీసేయవు. మినాక్సిడిల్ ఫలితం తెలియడానికి నాలుగు నుంచి ఆరు నెలలు కావాలి, మొదటి వారాల్లో ఇంకా ఎక్కువ రాలవచ్చు కూడా, మానేస్తే కొన్ని నెలల్లో మళ్లీ మొదటికొస్తుంది. ఫినాస్టిరైడ్‌తో కొద్దిమందికి లైంగిక సమస్యలు వస్తాయి. దాని వల్ల ఆత్మహత్య ఆలోచనలు రావచ్చని యూరప్ ఔషధ నియంత్రణ సంస్థ 2025లో నిర్ధారించింది. గర్భిణులు విరిగిన మాత్రను తాకనే కూడదు. పేనుకొరుకుడు కొత్త మందులు ఖరీదు, క్రమం తప్పకుండా రక్తపరీక్షలు కావాలి, ఆపితే చాలామందిలో జబ్బు తిరగబెడుతుంది. జుట్టు మార్పిడి కొత్త జుట్టును సృష్టించదు, వెనక ఉన్న కుదుళ్లను ముందుకు నాటుతుంది. 24 ఏళ్ల కుర్రాడు కంగారుపడి ముందు గీతకు 2,500 కుదుళ్లు నాటించుకున్నాడనుకుందాం. నాటినవి నిలుస్తాయి, వాటి వెనకున్న సొంత జుట్టు మాత్రం ఊడుతూనే ఉంటుంది. 35 ఏళ్లకు ముందు ఒక పట్టీ, మధ్యలో ఖాళీ. వెనక నుంచి తీయడానికి అప్పటికి మిగిలేది కొద్దే. ఈ శస్త్రచికిత్స ఎవరు చేయాలో జాతీయ వైద్య కమిషన్ 2022లో చెప్పింది. తగిన శిక్షణ ఉన్న వైద్యులే చేయాలి, వర్క్‌షాపుల్లోనో యూట్యూబ్‌లోనో చూసి నేర్చుకుంటే సరిపోదు.

నా అభిప్రాయంలో ఈ రెండు వాదనలూ పోట్లాడుకోనక్కర్లేదు. ఉప్పల్ వరుసలో నిలబడ్డవాళ్లను గుర్తు చేసుకోండి. జుట్టు లేకుండా బతకలేననుకునే మనిషి ఎవరేం చెప్పినా నమ్ముతాడు, ఆరు నెలలు ఆగలేక మూడో నెలలో మందు మార్చేస్తాడు, దుష్ప్రభావం వచ్చినా డాక్టరుకు చెప్పడు. జుట్టు రాకపోయినా నేను బాగానే ఉంటాను అనుకున్న మనిషి నిదానంగా అడుగుతాడు: ఎంత శాతం వస్తుంది, ఎన్నాళ్లు వాడాలి, ఆపితే ఏమవుతుంది? చికిత్స సరిగా ఎంచుకోవడానికి కావలసిన నిదానం సమాధానపడినవాళ్లకే ఉంటుంది. విగ్గు పెట్టుకున్నా, సవరం కట్టుకున్నా, పచ్చబొట్టుతో కనుబొమలు దిద్దించుకున్నా అది ఒప్పుకోలుకు వ్యతిరేకం కాదు. అది ఊడితే ప్రాణం పోతుందన్న భయంతో పెట్టుకుంటున్నారా, ఇవాళ పెట్టుకోవాలనిపించి పెట్టుకుంటున్నారా అన్నదే తేడా.

పెళ్లిచూపుల దగ్గర

మన సమాజంలో ఈ సమస్యంతా ముడిపడేది ఇక్కడ. విగ్గు సంగతి ముందే చెప్పాలా? "చెబితే సంబంధాలు రావు, ఒకసారి పరిచయమయ్యాక చెప్పొచ్చు" అని కొందరు పెద్దలంటారు. వాళ్ల భయం వట్టిది కాదు, ఫొటో దగ్గరే తిరస్కరించే రోజులివి. "దాచి చేస్తే అది మోసమవుతుంది, జుట్టు కన్నా అబద్ధం పెద్ద గొడవవుతుంది" అని ఇంకొందరు. నాకు రెండోదే సబబనిపిస్తుంది. నిజాయితీ ఒక కారణం. దాచిన మనిషి కొత్త ఇంట్లో మొదటి నెలలన్నీ తలుపు గడియ పెట్టుకుని అద్దం ముందే గడపాల్సి రావడం ఇంకో కారణం. అయితే చెప్పే తీరు ముఖ్యం. "మావాడికి చిన్న లోపం ఉందండీ" అని తల్లిదండ్రులు గొంతు తగ్గించి చెప్పడానికీ, "నాకు జుట్టు పలచబడింది, ఫొటోలో కనిపించేది విగ్గు" అని ఆ కుర్రాడే మామూలుగా చెప్పడానికీ చాలా దూరముంది.

మా పెద్దమ్మకు కీమో అయిపోయిన నాలుగో నెలకు జుట్టు మొలిచింది. ముందు నిటారుగా ఉండేది, ఇప్పుడు ఉంగరాలుగా వచ్చింది. కీమో తర్వాత కొందరికి అలా వస్తుంది. మేమందరం ముద్దుగా ఉందన్నాం. చెవులు దాటి మెడ మీదికి పెరిగేదాకా ఉంచుకుంది. తర్వాత ఒక శనివారం పెదనాన్నతో బయల్దేరి తిరుమల వెళ్లి, కల్యాణకట్టలో కూర్చుని, మొత్తం ఇచ్చేసి వచ్చింది. వద్దని మేమంతా ఫోన్లో గోల పెట్టాం. ఆ మొక్కు సంగతి ఎవరికీ చెప్పలేదట.

తిరిగొచ్చిన మర్నాడు ముగ్గు వేస్తుంటే ఎదురింటావిడ మళ్లీ అడిగింది, తిరుపతి వెళ్లొచ్చారా అని. "అవునమ్మా" అని, లోపలికెళ్లి ఆమెకు లడ్డూ తెచ్చిచ్చింది పెద్దమ్మ.